మర్ఫీకి అప్పగింతలు

పోయిన వారం ఉసిరికాయ పచ్చడి గురించి చెప్పుకున్నాం కదా. ఈ వారం వంటింట్లోంచి లేచి మా వెనకర్రలోకి రండి. అక్కడిప్పుడు మా అత్తమ్మ మంచం ఉంది. కిటికీలో మందుల డబ్బా ఉంది. పట్టుకుని నడవడానికి గోడ పొడవునా ఒక ఇనుప కడ్డీ ఉంది. నాలుగు నెలల కిందటి దాకా ఆ అర్ర నిండా రేడియోలే. ఒకటి కాదు, రెండు కాదు, పదకొండు! వాటిలో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా చివరన వెళ్లినది మా మామయ్య కొన్న మర్ఫీ రేడియో. పోయిన నెలలోనే దాన్ని సాగనంపాం.

"ఓస్, పాత రేడియో అమ్మడానికి ఇంత కథా?" అనుకుంటున్నారా? నేనూ ఒకప్పుడు అలా అనుకున్నదాన్నే. అలా అనుకునే ఒక తప్పు చేశాను. ఆ సంగతీ చెబుతాను. ముందు మర్ఫీ సంగతి వినండి.

మాది మల్యాల. కొండగట్టు అంజన్న మా మండలంలోనే ఉన్నాడు. మా ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో, 1968లో, మామయ్య వడ్లు అమ్మిన పైసలతో కరీంనగర్ వెళ్లి ఈ రేడియో తెచ్చారట. బస్సులో పక్కన పెడితే ఎక్కడ దెబ్బ తగులుతుందోనని దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారట. చిన్న ట్రంకు పెట్టె అంత ఉంటుంది. నున్నటి చెక్క పెట్టె, ముందు వైపు బంగారు రంగు బట్ట, దాని కింద గాజు పలక. ఆ పలక మీద దేశదేశాల ఊళ్ల పేర్లు. మీట తిప్పగానే పాడదు. లోపల వాల్వులు వేడెక్కాలి. ముందు పలక వెనుక పచ్చటి దీపం వెలుగుతుంది, తరువాత సన్నగా గుంయ్యిమంటుంది, నిమిషం గడిచాక ఎక్కడో దూరం నుంచి నడిచి వచ్చినట్టు మాట వినబడుతుంది. స్టేషను సరిగ్గా కుదిరితే ఒక మూలనున్న ఆకుపచ్చ కన్ను దగ్గరికి ముడుచుకుంటుంది. మా పిల్లలు చిన్నప్పుడు ఆ కన్ను చూడడానికే రేడియో పెట్టించేవారు.

ఆ రోజుల్లో రేడియో ఉంటే సరిపోదు, దానికి లైసెన్సు ఉండాలి. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుం కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980లలో ఆ పద్ధతి తీసేశారు. మామయ్య మాత్రం ఆ పుస్తకాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలోనే దాచారు.

మర్ఫీ పేరు వినగానే పెదవి మీద వేలు పెట్టుకున్న బొద్దు పాపాయి బొమ్మ గుర్తుకు వస్తుంది కదూ! 2012లో వచ్చిన హిందీ సినిమా 'బర్ఫీ'లో హీరోకు మర్ఫీ అని పేరు పెట్టింది ఈ రేడియోను చూసే. అసలు కంపెనీ మాత్రం ఇంగ్లండుది. 1929లో ఫ్రాంక్ మర్ఫీ అనే ఆయన ఇంకొకరితో కలిసి పెట్టాడు. మన దేశంలో బొంబాయి పక్కన ఠాణేలో ఫ్యాక్టరీ ఉండేది.

మన హైదరాబాదులో నిజాం కాలంలోనే, 1935లో, దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. 1957లో వివిధ భారతి మొదలయ్యింది. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా కోసం బుధవారం రాత్రుళ్లు ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో! దక్కన్ రేడియో తప్ప మా ఇంటి మర్ఫీ ఇవన్నీ పలికింది. 1971లో యుద్ధం వార్తలకు మా అరుగు మీద చోటు చాలక జనం వాకిట్లో నిలబడ్డారట. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీ వార్త విన్నది కూడా దీనిలోనే. ఆ రాత్రి మా వాడకట్టులో చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదని అత్తమ్మ చెబుతుంది.

ఇక మిగతా పదీ మావారి పిచ్చి. మావారు మోటారు వైండింగు చేస్తారు. కుర్రతనంలో రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నారు. టీవీలు వచ్చాక జనం రేడియోలు మూలన పడేస్తుంటే ఈయన అడిగి తెచ్చుకున్నారు. కొన్నిటికి నూరో రెండు నూర్లో ఇచ్చారు, కొన్ని ఊరికే వచ్చాయి. రాత్రి భోజనాలయ్యాక ఒకదాన్ని విప్పి కూర్చుంటే పన్నెండు దాకా లేచేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. దుమ్ము దులపలేక చచ్చేదాన్ని. బల్లులు, ఎలుకలు, తీగ ముక్కలు! "ఇది ఇల్లా, రేడియోల దవాఖానానా?" అని చాలాసార్లు గొడవ పడ్డాను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 2008లో ఒక మధ్యాహ్నం పాత సామాన్ల బండి వచ్చింది. మావారు ఇంట్లో లేరు. అర్రలో కింద వరుసలో మూత లేకుండా, బొంత కప్పి ఒక రేడియో ఉంది. ఎన్నడూ పాడగా వినలేదు. దాన్ని, దాంతో పాటు రెండు ఇత్తడి చెంబులను వేసి ఒక స్టీలు బిందె తీసుకున్నాను. మంచి బేరం చేశానని సంబరపడ్డాను కూడా. రాత్రి మావారు వచ్చి ఖాళీ చోటు చూశారు. ఒక్క మాట అనలేదు. అన్నం ముందు కూర్చుని మెల్లగా, "అది నేను ఫస్టు నా చేత్తోని బాగుచేసిన సెట్టు" అన్నారు. మర్నాడు పొద్దున్నే సైకిలు మీద ఆ బండివాణ్ణి వెతుక్కుంటూ పోయారు. దొరికాడు. కానీ అప్పటికే చెక్క వేరు, రాగి వేరు, ఇనుము వేరు చేసేశాడట.

తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేదాన్నేమో! తిట్టలేదు. ఆ బిందె మా ఇంట్లో ఇంకా ఉంది. అందులో నీళ్లు పట్టిన ప్రతిసారీ నాకు ఆ ఖాళీ చోటే గుర్తుకు వచ్చేది.

మరి ఇప్పుడెందుకు అమ్మాం అంటారా? అత్తమ్మకు మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. ముందరి అర్రకు గడప ఎత్తు, మరుగుదొడ్డి పెరటి చివర. రాత్రి రెండుసార్లు పడబోయింది. వెనకర్ర ఖాళీ చేసి, దానికి ఆనుకుని కూర్చునే దొడ్డి కట్టించక తప్పలేదు. చోటూ కావాలి, డబ్బూ కావాలి. పైగా మావారికి ఇప్పుడు సన్న పని కంటికి ఆనడం లేదు. వాల్వులు దొరకడమే కష్టంగా ఉంది. "నా చేతుల్లోనే ఒక్కొక్కటి మూగపోతుంటే సూడలేను" అని ఆయనే ముందుగా అన్నారు. తెలిసినవాళ్ల ద్వారా ఒకరికి మూడు, ఇంకొకరికి రెండు, ఇలా మూడు నెలల్లో పది వెళ్లిపోయాయి. మర్ఫీని ముందరి అర్రలోకి మార్చారు. దాని మాట మాత్రం ఎత్తలేదు.

ఇల్లు కట్టే మేస్త్రీ లెక్క చెప్పాక ఎత్తక తప్పలేదు. అప్పుడు నేనే అన్నాను, "అది మామయ్య కొన్నది. ముందు అత్తమ్మను అడుగుదాం" అని. అత్తమ్మ ఏడుస్తుందని, వద్దంటుందని అనుకున్నాం. ఆమె చెప్పింది వినండి.

"మీ మామ ఉన్నన్ని దినాలు ఆయన ముంగట నేను దాన్ని ముట్టలే బిడ్డా. మొగోళ్లంత అరుగు మీద కూసోని ఇంటుంటె నేను దర్వాజ ఎనుక నిలబడి ఇనేదాన్ని. ఆయన పొలం పోంగనే తలుపేసి పెట్టుకునేదాన్ని. పగటీలి ఆడోళ్ల ప్రోగ్రాం వస్తుండె. వాడకట్టు ఆడోళ్లం ఐదారుగురం కూసుండేటోళ్లం. పసిపిల్లలకు గంజి ఎట్ల పెట్టాలె, ఎప్పుడు సూదులేయించాలె, అన్నీ అండ్లనే ఇన్న. ఆయన వచ్చేసరికి బంద్ చేసి, మీద గుడ్డ కప్పి, ఏం తెల్వనట్టు ఉంటుంటి. పెట్టె వేడిగుంటే ఎండకు కాలిందంటుంటి!"

యాభై ఏళ్ల తరువాత ఆ మాట చెప్పి ఆమె నవ్వుతుంటే మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. ఆ రేడియో మామయ్యదనీ, ఆయన తరువాత మావారిదనీ అనుకున్నాం. దొంగచాటుగా అది ఎక్కువగా అత్తమ్మదే! చివరికి ఆమె అన్నది: "పాడకుంట కూసుంటె అదేం రేడియో? పాడిచ్చెటోళ్లు ఉంటె ఇయ్యుండ్రి. కని సంపెటోళ్లకు ఇయ్యకుండ్రి."

ఇద్దరు ముందుకు వచ్చారు. ఒకాయన కొత్తగా హోటలు పెడుతున్నారు. ముందు గదిలో అందానికి కావాలన్నారు. పద్నాలుగు వేలు ఇస్తామన్నారు. లోపలిదంతా తీసేసి, సెల్‌ఫోనుతో పాడే చిన్న స్పీకరు పెట్టిస్తారట. ఇంకొకాయన హైదరాబాదులో ఉంటారు, ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. పాత సెట్లు తెచ్చి, బాగుచేసి, రోజుకొకటి పాడిస్తారు. ఎనిమిది వేలకు మించి తన వల్ల కాదన్నారు.

అక్కలారా, దాచడం ఎందుకు? నేను పద్నాలుగు వేల వైపే మొగ్గాను. ఆరు వేల తేడా అంటే మాటలా? దొడ్డిలో టైల్సు, నల్లాలు వచ్చేస్తాయి. ఇల్లు నడిపే ఆడదానికి ఆరు వేలు ఎన్ని రకాలుగా కనిపిస్తాయో మీకు నేను చెప్పాలా! మావారు "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. 2008లో ఊరుకున్నట్టే ఊరుకున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాన్నకు నాలుగు సాంచెలు ఉండేవి. పొద్దూ మాపూ ఆ చప్పుడులోనే పుట్టి పెరిగాను. 2000 దాటాక పని దొరకని రోజుల్లో వాటిని తూకానికి అమ్మేశారు. నా పెళ్లయి అప్పటికి కొన్నేళ్లయింది, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. సుత్తెలు పెట్టి ముక్కలు చేసి లారీలోకి ఎక్కిస్తుంటే నాన్న లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. బంగారం కుదువ పెట్టినప్పుడు కూడా కళ్లు తడవని మనిషి. ఆ సాంచెలు ఇంకెవరి సెడ్డులోనో నడుస్తాయని తెలిస్తే నాన్న గుమ్మంలో నిలబడి సాగనంపేవారే. ముక్కలు కావడం చూడలేకపోయారు.

పొద్దున లేచి బిందె కడుగుతూ మావారితో అన్నాను, "హైదరాబాదు ఆయనకే ఇద్దాం" అని. "మరి పైసలో?" అన్నారు. నున్నటి టైల్సు మానేసి గరుకు గచ్చు వేయిద్దామన్నాను. ముసలివాళ్ల కాళ్ల కింద గరుకుగా ఉంటేనే జారదని మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు. ఇంకా తక్కువ పడినదానికి నా చిట్టీ ఎత్తాను. కష్టమే అయింది. ఈసారి పండుగకు చీర కొనుక్కోలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. రేడియో కాకపోతే కుట్టుమిషను, గ్రామఫోను, గోడ గడియారం. అమ్మే ముందు పనికివచ్చే నాలుగు మాటలు మావారిని అడిగి రాస్తున్నాను.

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న కరెంటు రేడియోను "పాడుతుందో లేదో చూద్దాం" అని ఒక్కసారిగా ప్లగ్గులో పెట్టకండి. లోపలి కండెన్సర్లు పాతబడి ఉంటాయి, తీగల మీది తొడుగు ఎలుకలు కొరికి ఉంటాయి. పొగ రావచ్చు, నిప్పు అంటుకోవచ్చు. వాల్వు సెట్టు లోపల వందల ఓల్టుల కరెంటు ఉంటుంది. ఆపేసిన తరువాత కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. కాబట్టి వెనక అట్ట తీసి చేయి పెట్టకండి. తెలిసిన మెకానిక్కుకు చూపించండి.

అందంగా కనబడాలని వార్నీషు, రంగు వేయకండి. పాత వస్తువుల మీద ప్రేమ ఉన్నవాళ్లు అసలు మెరుగునే ఇష్టపడతారు. మెత్తటి పొడి బట్టతో చెక్క తుడవండి. మూలల్లో దుమ్ముకు కొత్త పెయింటు బ్రష్షు వాడండి. గాజు పలక లోపలి వైపు తడి బట్ట అసలు తగలనివ్వకండి, అక్షరాలు ఊడిపోతాయి. చెద పట్టిందేమో అడుగున తిప్పి చూడండి. పట్టి ఉంటే ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పండి.

రసీదు, లైసెన్సు పుస్తకం, పాత ఫోటో ఏది ఉన్నా వస్తువుతోనే ఇవ్వండి. ఎవరు కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏం రిపేరు చేయించారు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి. ధర ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకోండి. తీసుకువెళ్లి ఏం చేస్తారో కూడా అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

దూరం పంపేటప్పుడు సెట్టు పూర్తిగా చల్లారాక వాల్వులు తీసి, ఏది ఏ చోటిదో అంకె వేసి, దూదిలో చుట్టి వేరే డబ్బాలో పెట్టాలి. పెట్టెకు పాత బొంతలు చుట్టి నిలువుగానే ఉంచాలి. గాజు వైపు బోర్లా పడుకోబెట్టకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంట్లో దాన్ని ప్రేమించినవాళ్లు ఎవరో కనుక్కోండి. మా అత్తమ్మ విషయంలో మాకు తెలిసినట్టు, మీరు అనుకున్న మనిషి కాకపోవచ్చు.

హైదరాబాదు ఆయన ఒక శనివారం కొండగట్టులో దర్శనం చేసుకుని, భార్యతో కారులో మా ఇంటికి వచ్చారు. ఆ రోజు తెల్లవారకముందే మావారు లేచి మర్ఫీ పెట్టారు. దీపం వెలిగింది. గుంయ్యిమంది. గరగరల మధ్య నుంచి తెలుగు మాట నడిచి వచ్చింది. ఎవరో పత్తి చేను పురుగు గురించి చెబుతున్నారు. అత్తమ్మను తెచ్చి పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె తన చేత్తో మీట తిప్పి చప్పుడు పెంచింది. తలుపు బార్లా తెరిచే ఉంది. ముగ్గురం చాయ తాగుతూ పురుగు మందుల సంగతంతా విన్నాం.

వచ్చినాయన ముందుగా డబ్బు మాట ఎత్తలేదు. చెప్పులు విడిచి వచ్చి రేడియో ముందు కింద కూర్చున్నారు. వెనక అట్ట విప్పి చూసి, "అన్నా, ఈ టంకం మీరు పెట్టిందేనా? ఎంత నీటుగా పెట్టిన్రు!" అన్నారు. మావారి ముఖం చూడాలి! ఇన్నేళ్లలో ఆయన పనిని మెచ్చుకోవడం నాకెందుకు చేతకాలేదో అనిపించింది. ఇద్దరూ గంటసేపు నేలమీదే కూర్చుని వాల్వులు ఒక్కొక్కటిగా తీసి దూదిలో చుట్టారు.

అత్తమ్మ లైసెన్సు పుస్తకం తెప్పించి ఆయన భార్య చేతిలో పెట్టింది. "నువ్వు సుత ఇను బిడ్డా. ఆయన ఇంట్ల లేనప్పుడు సుత పెట్టుకో" అన్నది. ఆమెకు అర్థం కాకపోయినా నవ్వుతూ తలూపింది. పెట్టె మీద కప్పే గుడ్డ మాత్రం అత్తమ్మ ఇవ్వలేదు. తెల్లటి పాపిలిన్ మీద నాలుగు మూలలా గులాబీలు, మధ్యలో రెండు చిలుకలు, పెళ్లయిన కొత్తలో తాను కుట్టినది. దాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది.

కారు వీధి మలుపు తిరిగాక మావారు చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. అప్పుడన్నాను, పదహారేళ్లుగా అనలేకపోయిన మాట: "ఆ రోజు నిన్ను అడగకుండా ఇచ్చేశాను. తప్పయింది." ఆయన, "గిప్పుడెందుకే అది" అన్నారు. తరువాత లోపలికి వచ్చి, "చాయ పెడతవా?" అన్నారు. ఆ రోజు మాకు అది మూడో చాయ.

మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఒక కండెన్సరు మార్చారట, గరగర తగ్గిందట. ఆయన ఫోను తీసుకువెళ్లి రేడియో ముందు పెట్టారు. నేను అత్తమ్మ చెవి దగ్గర పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని కాసేపు విని, "దాని గొంతే" అన్నది.

ఈసారి పాత సామాన్ల బండి గంట వినబడితే ఒక్క నిమిషం ఆగండి. చేతిలోని వస్తువును దించి పెట్టి, ఇంట్లోవాళ్లను ఒక మాట అడగండి. బిందెలు ఎప్పుడైనా దొరుకుతాయి.